చెవి వెనక కుదురు

అమోనియా దొంగలా వచ్చే గ్యాసు కాదు. ముప్పై ఏళ్లు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసిన బొమ్మిడి పోతురాజుకి ఆ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అది ముందు ముక్కు మీద గుద్దుతుంది. తర్వాత కళ్ళు పీకుతుంది. ఆ తర్వాతే గొంతు పట్టుకుంటుంది. లేచి గడప దాటడానికి మనిషికి కావలసినంత వ్యవధి ఇస్తుంది. అతని ఫ్యాక్టరీలో పైపు చిట్లినప్పుడల్లా మొదట కుక్కలు పరిగెత్తేవి, వాటి వెనక మనుషులు పరిగెత్తేవారు. ముప్పై ఏళ్లలో ఒక్క ప్రాణం పోలేదు.

మరి పాతమెరక రొయ్యల ఫ్యాక్టరీలో ఏడుగురు ఆడవాళ్ళు స్టూళ్ళ మీద నుంచి లేవకుండా ఎలా చచ్చిపోయారు?

ఆ ఏడుగురిలో ఒకతె అతని భార్య మావుళ్ళు. ఫైరింజను వాళ్ళు వెళ్ళేసరికి ఆమె స్టీలు బల్ల మీద తల వాల్చి ఉంది. ముందున్న టబ్బులో రొయ్యలు వలిచి ఉన్నాయి. తల తుంచి, పొట్టు తీసి, వీపు నరం లాగి, వరసగా పేర్చి ఉన్నాయి. పోతురాజు మూడు నెలలుగా ఆ టబ్బు దగ్గరే ఆగిపోయాడు. ఊపిరితిత్తులు కాలిపోతుంటే రొయ్య నరం లాగే మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటుందా?

యాజమాన్యం ఒక్క మాట పట్టుకుని కూర్చుంది. తలుపులు తెరిచే ఉన్నాయి. సైరన్ మోగింది. లేచి రాకపోవడం పనివాళ్ళ నిర్లక్ష్యం.

నిర్లక్ష్యం. చచ్చినవాళ్ళ నెత్తిన పెట్టడానికి వాళ్ళకు దొరికిన మాట అది.

వచ్చే గురువారం మండలాఫీసులో ప్రభుత్వం వేసిన అధికారి విచారణకు కూర్చుంటాడు. రొయ్యలు వలిచే ఆ హాలులో ఆ పూట ఉన్నవాళ్ళు ఎనిమిదిమంది. బతికింది ఒక్కతే. ఆ ఒక్కతె పోతురాజు కూతురు హైమ. ఆమె ఏం చెబితే అదే నిలుస్తుంది. ఆమె ఏం చెబుతుందో పోతురాజుకి ముందే తెలుసు. అతని కడుపులో మంట అదే.

"గురువారం ఏం చెప్తావే?" అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి.

హైమ మెత్తళ్ళు, చింతచిగురు పొయ్యి మీద వేసింది. "ఏం చెప్తాను నాన్నా. పోలీసోళ్ళకి చెప్పిందే. వాసనొచ్చింది. కళ్ళు మండినియ్యి. కూచున్నాం. తర్వాత నాకు తెలివి తప్పింది."

"మీ అమ్మో?"

"అమ్మా కూచునే ఉంది." మూకుట్లో గరిటె తిప్పింది. "అమ్మయితే ఇందులో ఇంకాస్త కారం ఏసేది కదూ?"

ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. తల్లి చావూ కూరలో కారమూ ఆమెకు ఒకటే బరువు. ఎడమ చెవి వెనక చింతగింజంత నల్లటి బిళ్ళ ఒకసారి పచ్చగా మెరిసి ఆరింది.

దాని పేరు కుదురు. అది ఊళ్ళోకి వచ్చి ఏడాదయింది. అంతకు ముందు వానాకాలంలో ఫ్యాక్టరీలో కాస్త గ్యాసు కారింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆడవాళ్ళు బెదిరిపోయారు. ఆ హాలులోకి అడుగే పెట్టబోమన్నారు. పెట్టినవాళ్ళు కూడా ఏ చిన్న చప్పుడయినా ఉలిక్కిపడి లేచిపోయేవారు. వలుపు సగానికి పడిపోయింది. పాత వాల్వు మారిస్తే పోయేదానికి యాజమాన్యం ఆడవాళ్ళనే మార్చింది. రెండు వందల పద్నాలుగు మంది చెవుల వెనక రెండు వందల పద్నాలుగు గింజలు అంటించింది. గుండె దడ పెరిగినా, చర్మం చెమర్చినా గింజకు తెలిసిపోతుంది. చెవి దగ్గరి నరానికి సన్నటి కరెంటు పంపుతుంది. లోపల ఒక ఆడగొంతు చల్లగా మాట్లాడుతుంది. దడ తగ్గుతుంది. అంతే. భయం వేయదని కాదు. వేస్తుంది, కానీ పక్కింట్లో రేడియో మోగినట్టు దూరంగా ఉంటుంది.

"ఆ గింజ తీసి అవతల పారెయ్యి," అన్నాడు పోతురాజు.

హైమ చెయ్యి గభాలున చెవి మీదికి పోయింది. అరక్షణం ఆమె కళ్ళలో భయం కనబడింది. గింజ మెరిసింది. భయం పోయింది.

"అన్నం పెట్టనా నాన్నా?" అంది.

అతను తినకుండా లేచిపోయాడు.

*

గింజను కనిపెట్టిన మనిషి జిల్లా ఆసుపత్రిలోనే పనిచేస్తోందని అతనికి పేపరు చూస్తే తెలిసింది. డాక్టర్ సలోమి, మానసిక వైద్యురాలు. మర్నాడే బస్సెక్కాడు. కొట్టడానికే వెళ్ళాడు. ఆడమనిషి, అదీ తన వయసు మనిషి, తెల్లజుట్టు బిగించి ముడేసుకుని పాత ఎక్స్‌రే గదిలో రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య నేల ఊడుస్తూ కనబడేసరికి చెయ్యి లేవలేదు. నోరు మాత్రం లేచింది.

"ఏడుగురిని చంపి ఊడ్చుకుంటున్నారా డాక్టరమ్మా?"

ఆమె చీపురు గోడకి ఆనించింది. "మీరెవరండీ?"

"బొమ్మిడి మావుళ్ళు మొగుణ్ణి."

ఆమె కుర్చీ చూపించలేదు. మంచినీళ్ళు ఇవ్వబోలేదు. "నన్ను అడగడానికి మూడు నెలల్లో మీరొక్కరే వచ్చారు," అంది. "అడగండి."

"అమోనియా వస్తే కుక్క పరిగెడతాది. నా పెళ్ళాం ఎందుకు పరిగెత్తలేదు?"

సలోమి బీరువా వైపు చూసింది. "నోటితో చెప్తే నమ్మరు. చూపిస్తాను. కానీ అది మీ ఒంటి మీదే చూపించాలి. మీరు సరేనంటేనే."

"నా ఒళ్ళు పోతే ఎవడికి కావాలి. చూపించండి."

ఆమె బీరువాలోంచి ఒక గింజ తీసి కంప్యూటరుకి తగిలించింది, ఏదో నింపింది, అతని చెవి వెనక అంటించింది. అతని ముందు ఒక పళ్ళెంలో బోల్టులూ మరలూ పోసి, ఒక్కొక్కటీ బిగించమంది. అది అతని చేతులకు నిద్రలోనూ వచ్చే పని. నాలుగు బిగించాక ఆమె కిటికీలు తెరిచి, తన మూతికి గుడ్డ కట్టుకుని, చిన్న సీసా మూత తీసి అతని ముక్కు కింద పెట్టింది.

అమోనియా. ముప్పై ఏళ్ల పాత శత్రువు. ఒళ్ళంతా ఒక్కసారి లేవబోయింది.

అప్పుడు చెవిలో ఎవరో చల్లటి చెయ్యి వేసినట్టయింది. "వచ్చింది," అంది గొంతు. "రానివ్వు. అది వస్తుంది, పోతుంది. అది నువ్వు కాదు. చేతిలో పని చూసుకో."

పోతురాజు చేతిలో పని చూసుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి కారుతున్నాయని అతనికి తెలుసు. భుజంతో తుడుచుకుని ఇంకో బోల్టు తీశాడు. గొంతు మండుతోంది. ఎవరి గొంతో మండుతున్నట్టుంది. ఇంకో బోల్టు. లేచి వెళ్ళవచ్చన్న ఊహ గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే తిరిగి వెళ్ళిపోయింది. ఇంకో బోల్టు.

ఆమె సీసా మూత బిగించి గింజ లాగేసింది.

పోతురాజు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. కిటికీ దాకా పాకి, ఊచలు పట్టుకుని దగ్గాడు. పళ్ళెంలో తొమ్మిది బోల్టులు బిగించి ఉన్నాయి. సీసా తెరిచాక బిగించినవి ఐదు. వాటిని చూసేసరికి అతనికి టబ్బు గుర్తొచ్చింది. మావుళ్ళు పోయాక మొదటిసారి ఏడ్చాడు. ఆ ఏడుపు ఆ మనిషి ముందు ఏడవాల్సి వచ్చినందుకు మరింత మండిపోయాడు.

"అరనిమిషం కూడా లేదు. సీసాడే," అంది సలోమి. "అక్కడ పన్నెండు నిమిషాలు."

"మా ఫ్యాక్టరీలో పైపుకి చిల్లు పడితే గంధకం వత్తి ఎలిగించి పట్టుకెళ్తాం," అన్నాడు పోతురాజు ఊపిరి అందాక. "చిల్లు ఎక్కడుంటే అక్కడ తెల్ల పొగ లేస్తాది. మడిసికి పుట్టే భయం కూడా ఆ పొగేనండి. మీరు చిల్లు వదిలేసి పొగకి మందు కనిపెట్టారు."

"నేను కనిపెట్టింది తాటిచెట్టు మీంచి పడి నడుం విరిగినవాళ్ళ కోసం," అంది ఆమె. "ఇదే గదిలో, ఈ రెండు కుర్చీల్లో. వాళ్ళ నొప్పి పోదు. పోవాలి పోవాలి అని దాంతో కుస్తీ పట్టి మంచానికి అతుక్కుపోయేవాళ్ళు. నొప్పిని ఉండనిచ్చి, దాన్ని పక్కనే పెట్టుకుని, తమకి ముఖ్యమైనదాని వైపు నడవడం నేర్పేదాన్ని. పిల్లని బడికి దింపడం ఒకడికి ముఖ్యం. దొడ్లో బీరపాదు ఒకడికి ముఖ్యం. మాటలతో నేర్పడానికి నెలలు పడుతుంది. గింజయితే తొందరగా అవుతుందనుకున్నాను. పెట్టే ముందు ప్రతి మనిషినీ అడగాలి, నీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఏది అని. ఆ జవాబు గింజలో నింపాలి. మనసు చెదిరినప్పుడల్లా గింజ ఆ మనిషిని అటు తిప్పుతుంది. యూనివర్సిటీ ఆ గింజ హక్కులు కంపెనీలకి అమ్మేసింది. నేను సంతకం పెట్టాను."

"పెట్టారు."

"పెట్టాను."

"మరి మా ఆడోళ్ళని ఎవరూ అడగలేదా?"

సలోమి విచారణ కోసం తెప్పించిన జాబితా తీసి కంప్యూటరు తెర అతని వైపు తిప్పింది. రెండు వందల పద్నాలుగు పేర్లు. ప్రతి పేరు ఎదురుగా ఒకటే మాట. పని. పని. పని. బొమ్మిడి మావుళ్ళు, పని.

"అడిగారు. అందరూ ఇదే చెప్పారు. ఎవరూ దొంగరాత రాయలేదు. వేలిముద్రలున్నాయి. ఇంతమంది ఒకే మాట ఎలా చెప్పారో నాకిప్పటికీ అర్థం కాదు."

ఆమెకు అర్థం కాదు. పుస్తకం చదువుకున్న మనిషి. పోతురాజుకి అర్థమైంది. మేస్త్రి చిట్టిబాబు బల్ల పక్కన నిలబడి ఉండగా, కాగితం పట్టుకున్న మనిషి నీకు ఏది ముఖ్యం అని అడిగితే, పాతమెరక ఆడది ఏం చెబుతుంది? నా పిల్ల అంటుందా? నా ప్రాణం అంటుందా? అయితే ఇంటికెళ్ళి పిల్లనే చూసుకో అంటాడు మేస్త్రి. ఆ ప్రశ్న అడగబోయే ముందురోజు సాయంత్రం మావుళ్ళు వాకిట్లో నిలబడి అడిగింది కూడా. "రేపేదో అడుగుతారంట. ఏం చెప్పమంటావ్?" పోతురాజు సైకిలు చెయిను బిగిస్తూ, తల ఎత్తకుండానే చెప్పాడు. "పనేనని చెప్పు. ఎక్కువ మాట్లాడకు."

ఆ సంగతి అతను సలోమికి చెప్పలేదు.

"ఇంకొకటి చూడండి," అని ఆమె తెర మీద గుండె దడ గీత ఒకటి చూపించింది. మావుళ్ళు గింజ ఆ పన్నెండు నిమిషాల్లో పంపినది. గీత ఒకచోట నిట్టనిలువుగా లేచి పడింది. మళ్ళీ లేచి పడింది. అలా నాలుగుసార్లు. "మిగతా ఆరుగురి గీతలూ ఇలా లేవు. ఏదో ఆమెని నాలుగుసార్లు లేపింది. గింజ నాలుగుసార్లూ కూర్చోబెట్టింది. విచారణలో ఇది పెడతాను. గుండెజబ్బు అని లాయరు కొట్టేస్తాడు. ఆమెని ఏది లేపిందో చూసిన మనిషి చెప్పాలి."

"చూసిన మడిసి చెవి ఎనక కూడా మీ గింజే ఉంది," అన్నాడు పోతురాజు.

*

ఆదివారం పొద్దున హైమ అరుగు మీద కూర్చుని వల చింపు కడుతోంది. పోతురాజు వచ్చి ఎదురుగా కింద కూర్చున్నాడు. చెప్పడం అతనికి చేతకాదు. ఎప్పుడూ చేతకాలేదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

"మీ అమ్మ చేత పని అని చెప్పించింది నేనే. అదడిగింది, నేను చెప్పాను. ఆ మాటే గింజలో ఎక్కించారు. ఆ మాటే దాన్ని కూకోబెట్టి చంపింది."

హైమ సూది ఆగింది. గింజ మెరిసింది. "పర్లేదు నాన్నా," అంది.

"ఏంటి పర్లేదు?"

"నీకు తెలీక చెప్పావు కదా. పర్లేదు."

"నోర్ముయ్," అన్నాడు పోతురాజు. "నన్ను వదిలెయ్యడానికి అదెవతె? ఆ చెవిలో గొంతు ఎవతె? నువ్వు తిట్టు. రాయెట్టి కొట్టు. పడతాను. దాని చేత పర్లేదు అనిపించుకోను."

హైమ తండ్రి ముఖంలోకి చూసింది. గింజ వెంటవెంటనే రెండుసార్లు మెరిసింది. ఆమె నుదురు ముడిపడింది, చీకట్లో వస్తువు కోసం తడుముకునే మనిషిలా.

"నీ మీద నాకు కోపం రావాలి కదా నాన్నా?" అంది మెల్లగా.

"రావాలి."

"రాట్లేదు." సూది వల మీద పెట్టింది. "ఇంత మాట చెప్తే రాట్లేదేంటి? అమ్మ గురించి చెప్తన్నావ్. నా అమ్మ గురించి. ఏదో వస్తంది, గుమ్మం దాకా వచ్చి పోతంది. అది నాది కదా. ఎక్కడికి పోతంది?"

గింజ మళ్ళీ మెరిసింది. చేతిలో పని చూసుకో అని ఉంటుంది. ఆమె చేతులు వల వైపు కదిలాయి. మధ్యలో ఆపుకుంది. ఆపుకోవడానికి ఎంత కష్టపడిందో మెడ నరాలు చెప్పాయి. తర్వాత చెయ్యి ఎత్తి, చెవి వెనక గోరు పెట్టి, గింజను పెకలించింది. అంటు ఊడినచోట చర్మం ఎర్రగా లేచింది.

ఒక నిమిషం ఏమీ కాలేదు.

తర్వాత హైమ అరిచింది. వీధి చివరి ఇళ్ళవాళ్ళు బయటికి వచ్చేంతగా అరిచింది. తల్లి పోయిన మూడు నెలలకు, ఆ క్షణమే పోయినట్టు ఏడ్చింది. పోతురాజు దగ్గరికి పోతే గుండెల మీద రెండు చేతులా గుద్దింది. "నువ్వు చెప్పావ్. నువ్వే చెప్పావ్. తలెత్తి చూశావా చెప్పినప్పుడు? చూసుండవు. నీ సంగతి నాకు తెలీదా?" అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

సోమవారం ఆమె తినలేదు. మధ్యాహ్నానికి గింజ కోసం ఇల్లంతా వెతికింది. దాన్ని పోతురాజు సుత్తితో కొట్టి పొయ్యిలో వేశాడని తెలిసి కంచం విసిరింది. "నేను చచ్చిపోతాను నాన్నా, ఇది నా వల్ల కాదు," అని గోడకి తల కొట్టుకుంది. పోతురాజుకి గ్యాసు పైపులంటే తెలుసు గానీ ఇదేమీ తెలీదు. తనకు ఇష్టం లేని పని ఒకటి చేశాడు. సలోమికి ఫోను చేశాడు.

ఆమె సాయంత్రం బస్సుకి వచ్చింది. పోతురాజు లోపలికి రమ్మనలేదు. ఆమే వచ్చి హైమకి రెండడుగుల దూరంలో నేల మీద కూర్చుంది.

"ఎక్కడుందమ్మా అది?" అంది సలోమి.

"ఏది?"

"ఆ బాధ. ఒంట్లో ఎక్కడుంది?"

హైమ గుండె కింద చెయ్యి వేసుకుంది. "ఇక్కడ. రాయిలా ఉంది. తీసెయ్యండి. మీరే కదా చేసింది, ఇంకోటుంటే పెట్టండి."

"తియ్యను. అది ఎంత పెద్దదో చెప్పు. అంచులు ఎక్కడ దాకా ఉన్నాయి?"

హైమ ఏడుస్తూనే వేలితో చూపించింది. బొడ్డు దగ్గర నుంచి గొంతు దాకా.

"సరే. దాని చుట్టూ ఊపిరి పీల్చు. దాన్ని పొమ్మనకు. అంత చోటు కావాలంటే అంతా ఇయ్యి."

"నా వల్ల కాదు."

"'నా వల్ల కాదు' అనే మాట వచ్చింది అని చెప్పు."

"నా వల్ల కాదంటుంటే..."

"వస్తుంది ఆ మాట. రానీ. వచ్చిందని చెప్పు."

"నా వల్ల కాదు అనే మాట వచ్చింది," అంది హైమ. ఆ మాట అన్నాక, తను అన్నదాని వైపు తనే చూసినట్టు కాసేపు ఆగింది. ఊపిరి పీల్చింది.

గుమ్మంలో నిలబడ్డ పోతురాజు పళ్ళు కొరికాడు. "ఇదీ అదేగా డాక్టరమ్మా. ఆ గింజ కూడా ఇదే కూసింది నా చెవిలో."

సలోమి తల తిప్పలేదు. "అది రానిచ్చి పంపించేస్తుంది. నేను ఉండమంటున్నాను. ఇంకొక తేడా కూడా ఉంది. ఎటు నడవాలో గింజకి మేస్త్రి చెప్పాడు. ఇక్కడ ఈ అమ్మాయి చెప్పాలి." హైమ వైపు వంగింది. "ఒప్పుకోమంటున్నది నీ లోపల పుట్టినదాన్నమ్మా. నీకు జరిగినదాన్ని కాదు. జరిగింది తప్పే. దాన్ని ఎవరు ఒప్పుకోమన్నా ఒప్పుకోకు. నేనన్నా సరే."

మంగళవారం కూడా వచ్చింది. బుధవారం కూడా. ఏడుపు తగ్గలేదు. ఏడుస్తూ అన్నం తినడం వచ్చింది హైమకి. ఏడుస్తూ నీళ్ళు పట్టుకొచ్చింది. బుధవారం సాయంత్రం సలోమి అడిగింది, "ఇప్పుడు మేస్త్రి లేడు. నేను కాగితం తేలేదు. నీకు ఏది ముఖ్యం?"

హైమ తండ్రి వైపు చూసింది. ఆ చూపులో దయ లేదు. "అమ్మ కూకుని చచ్చిపోలేదని చెప్పాలి," అంది. "అందరూ అదే అంటన్నారు. నేనూ అన్నాను."

బస్సెక్కేటప్పుడు సలోమి పోతురాజుకి నమస్కారం పెట్టింది. అతను తిరిగి పెట్టలేదు.

*

మండలాఫీసు హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అధికారి కళ్ళజోడు మనిషి, మెత్తని గొంతు. ముందు పక్క షెడ్డుల ఆడవాళ్ళు పదిమందిని పిలిచారు. ఒక్కొక్కతే వచ్చి, చెవి వెనక గింజ మెరుస్తుండగా, చిరునవ్వుతో చెప్పి వెళ్ళింది.

"ఫ్యాక్టరీలో ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

"ఏం లేవండి. బానే చూసుకుంటారండి."

"ఏడుగురు పోయారు కదా. భయం లేదా?"

"వస్తదండి. పోద్దండి."

చచ్చిన ఏడుగురిలో ఇద్దరి తోబుట్టువులు ఆ పదిమందిలో ఉన్నారు. అధికారి గుమాస్తా అదే మాట పదిసార్లు రాసుకున్నాడు. యాజమాన్యం లాయరు కాలు మీద కాలు వేసుకుని వింటున్నాడు.

సలోమి గీతలు చూపించింది. లాయరు లేచి, గుండెలయలో తేడాలకు నూరు కారణాలుంటాయన్నాడు. ఆమె తన తప్పు తనే చెప్పింది. ఆ ప్రశ్న మేస్త్రి ముందు అడుగుతారని తనకు తోచలేదంది. తోచకపోవడమే తన నేరమంది. పోతురాజు విన్నాడు. అతని మనసు ఇసుమంతైనా కరగలేదు. తోచి ఉండాల్సింది.

తర్వాత పోతురాజుని పిలిచారు. తను మావుళ్ళుతో అన్న మాట అతను దాచలేదు.

"అంటే మీ భార్యకు ఆ జవాబు నేర్పింది మీరే," అన్నాడు లాయరు సంబరంగా.

"ఆయ్. నేనే. దానికి నేను చచ్చేదాకా ఏడుస్తాను. అది నా ఇంటి సంగతి. పాతమెరకలో ఏ మొగుణ్ణయినా అడగండి, ఇదే నేర్పాడు. మీ మేస్త్రి ఎదర ఇంకో మాట చెప్పి పన్లో ఉన్న ఆడదాన్ని ఒక్కదాన్ని చూపించండి, నేను ఇక్కణ్ణించి లేచిపోతాను."

లాయరు మేస్త్రి వైపు చూశాడు. మేస్త్రి చిట్టిబాబు నేల చూపులు చూశాడు.

చివరికి హైమని పిలిచారు. ఆమె లేచింది. చెవి వెనక ఎర్రటి మచ్చ మాత్రం ఉంది. బల్ల దగ్గరికి వచ్చేసరికి ముఖంలో రక్తం లేదు. రెండు చేతులూ మోచేతుల దాకా వణుకుతున్నాయి. పోతురాజు బెంచీ అంచు పట్టుకున్నాడు.

"మా అమ్మ కూచుని చనిపోలేదండి," అంది హైమ. "నాది తలుపు పక్కన ఆఖరి బల్ల. అమ్మది ఎదర బల్ల. వాసన రాగానే నాకు దగ్గొచ్చింది. అమ్మ లేచింది. నా వైపు చూసింది. చెవి ఎనక మెరిసింది. కూచుంది. మళ్ళీ దగ్గాను. మళ్ళీ లేచింది. కూచుంది. నేను దగ్గినప్పుడల్లా లేచిందండి. నాలుగుసార్లు దగ్గాను."

సలోమి తల దించుకుంది.

"నాలుగోసారి నా వైపుకి రెండడుగులు ఏసింది. చెయ్యి కూడా చాపింది. అప్పుడు ఆగిపోయి, చెయ్యి చూసుకుంది. చేతిలో ఒలవని రొయ్య ఉంది. ఎనక్కెళ్ళి కూచుని అది ఒలిచింది. నేను చూస్తా కూచున్నాను. నాకేం అనిపించలేదండి. మా అమ్మ అలా ఎనక్కెళ్తంటే నాకేం అనిపించలేదు."

అక్కడ ఆమె మాట ఆగింది. వణుకు భుజాలకు పాకింది. బల్ల మీద చేతులు పెట్టుకుంటే బల్ల మీది గ్లాసు టకటకలాడింది.

లాయరు లేచాడు. గొంతులో ఎంత జాలి పోసుకోవాలో అంతా పోసుకున్నాడు. "సార్, ఈ అమ్మాయి ఒంట్లో బాగోలేదు. ఈ స్థితిలో చెప్పిన మాటకు విలువేముంటుంది? మా దగ్గర కొత్త కుదురు ఉంది. పెట్టుకుని, నిమ్మళంగా, ఇంకో రోజు చెప్పమనండి." జేబులోంచి చిన్న పెట్టె తీసి, మూత తెరిచి, ఆమె ముందు పెట్టాడు.

అధికారి కళ్ళజోడు తీశాడు. ఆయనకి నిజంగానే జాలి వేసింది. "అమ్మా, చాలా వణికిపోతున్నావు. కాసేపు కూర్చుంటావా? వాయిదా వెయ్యమంటావా?"

పోతురాజు లేవబోయాడు. హైమ వెనక్కి చూడకుండానే అరచెయ్యి చాపి అతన్ని ఆపింది. పెట్టెను ఒక వేలితో లాయరు వైపు తోసేసింది. ఊపిరి ఒకసారి కిందిదాకా పీల్చింది.

"వణకనివ్వండి సార్," అంది. "మిగతా ఆరుగురి సంగతి ఇంకా ఉంది. రాసుకోండి."